కుట్టిన ఇనుము

తాళం ఇలా తిప్పానో లేదో ఇంజను అందుకుంది. రెండు మూడు సార్లయినా మొరాయిస్తుందనుకున్నాను, దగ్గుతుందనుకున్నాను, వెనక్కి తన్ని వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేలా చేస్తుందనుకున్నాను. ఇరవై ఏళ్లుగా నోరు మెదపనిది తొలి మాటే ఇంత గొంతెత్తి అంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు! గోడకు తగిలించిన రెంచీలన్నీ గలగలమన్నాయి, గ్యారేజీ దూలాల మీద పేరుకున్న దుమ్ము కారు అద్దం మీదికి రాలింది, సీటు కింద నుంచి ఒక వణుకు బయలుదేరి వెన్నులోకి ఎక్కి దవడల దగ్గర ఆగింది. యాక్సిలరేటరు మీంచి నేను కాలు తీయలేదు. తీయకూడదు. మెకానిక్కు ఎమ్మెట్ క్రోల్ నాలుగు సార్లు చెప్పాడు, వేలు చూపించి మరీ చెప్పాడు. "మిసెస్ ప్రూయిట్, మొదటి ఇరవై నిమిషాలే దాని బతుకు. ముల్లు రెండు వేల దగ్గర నిలబెట్టండి. నెమ్మదిగా తిరిగితే పైకి నూనె చిందదు, వాల్వులను ఎత్తే కొత్త క్యామ్ కడ్డీ పొడి పొడిగా రాసుకుని ఒక్క పూటలో అరిగిపోతుంది. ఫోను మోగనివ్వండి, పాస్టరు గారు గుమ్మంలో నిలబడనివ్వండి, కాలు మాత్రం తీయకండి." ఇదిగో, తీయలేదు ఎమ్మెట్. కేకులకి వాడే వంటింటి గడియారాన్ని ఇరవైకి తిప్పి డాష్‌బోర్డు మీద పెట్టాను. అది టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది, ఈ హోరులో నాకు వినబడదు. పంతొమ్మిది.

ఎదురుగా మూడు ముళ్లు. ఇంజను తిరిగే వేగానిది, నీటి వేడిది, మధ్యలో నూనె ఒత్తిడిది. మిగతా రెండూ ఎటుపోయినా నా కళ్లు ఆ మధ్యదాన్ని వదలవు. అరవై దగ్గర నిలబడింది, నిటారుగా, చర్చిలో పాటకు లేచి నిలబడిన మనిషిలాగా. అరవై. ఈ ముల్లు సున్నా మీద పడుకోవడం నేను చూశాను. ఆ పడుకోవడం నా కళ్ల లోపల ఇంకా ఉంది, నిద్రలో కూడా అప్పుడప్పుడు కనబడుతుంది, లేచి చూస్తే పక్కన మా ఆయన లైమన్ గురక పెడుతూ ఉంటాడు, ఆ గురక వింటే గాని నా గుండె కిందికి దిగదు. కారు ముక్కు లోపలి గోడవైపు, తోక తలుపువైపు పెట్టుకున్నాను, పొగ బయటికి పోవాలని. బానెట్టు ఎత్తి ఉంది కాబట్టి ముందు ఏమీ కనబడదు, నల్లటి రేకు తప్ప. వెనక అద్దంలో మాత్రం మా పెరడు, అందులో ఇంకా కరగని మురికి మంచు దిబ్బ, దాని వెనక మా వంటింటి కిటికీ, కిటికీలో లైమన్. బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. చదవడం లేదు, నాకు తెలుసు, పావుగంటగా పేజీ తిప్పలేదు.

ఆ రోజు కూడా కూర్చునే ఉన్నాడు, సరస్సు ఒడ్డున మడత కుర్చీలో. తొంభై ఒకటి ఆగస్టు, ఆదివారం, యూనియన్ వాళ్ల పిక్నిక్. ఒళ్లో పక్కటెముకల మాంసం పళ్లెం, వేళ్లకు సాసు. ఎవడో ఏదో జోకు వేస్తే నవ్వబోయి నవ్వు మధ్యలో ఆగిపోయాడు. పళ్లెం గడ్డిలో పడింది. మొహం ఆ రంగుకు తిరగడం నేనెన్నడూ చూడలేదు, మా నల్లటి మొహాలు పాలిపోతే తడిసిన బూడిదలా ఉంటాయి. పక్క ఊరి నుంచి అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలన్నారు. లైమన్ జేబులోంచి తాళాలు లాగాను. ఈ కారు తాళాలు నా చేతికివ్వడం పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి జరగలేదు. పెళ్లప్పుడు కూడా నన్ను పక్క సీట్లోనే కూర్చోబెట్టాడు, తలుపు మెల్లగా వెయ్యి అంటూ. మనుషులు నలుగురు మోసుకొచ్చి వాడిని పక్క సీట్లో కూలేశారు. నేను సీటు ముందుకు జరుపుకోవడం కూడా మరిచిపోయి బొటనవేలి చివరతో క్లచ్ తొక్కాను. రోడ్డెక్కాక తెలిసింది ఇదేమిటో. నా కాలి కింద ఒక గుర్రాల మంద ఉన్నట్టుంది, తొక్కిన కొద్దీ ఇంకా ఉంది, ఇంకా ఉంది, చెట్లు పచ్చటి గీతలైపోయాయి, వాడు చస్తున్నాడన్న భయంలోనే ఎక్కడో ఒక మూల, చెప్పడానికి సిగ్గేస్తుంది, ఇన్నాళ్లూ ఇదా నువ్వొక్కడివే అనుభవించింది అని కూడా అనిపించింది.

ముందు లారీ నుంచి పడింది అది. ఇనుప ముక్క, చేయంత పొడుగు, ఒకసారి రోడ్డు మీద ఎగిరి కారు కిందికి పోయింది, కింద ఢమ్మని. వెంటనే ఎర్ర దీపం. ఈ మధ్య ముల్లు అలా అలా వాలిపోయి సున్నా మీద పడుకుంది. వెనక అద్దంలో రోడ్డు మీద నల్లటి చార. నాకు తెలియదా, పగలంతా ఇంజన్లు బిగించే దానికి? నూనె లేని ఇంజను ఎన్ని నిమిషాలు బతుకుతుందో తెలియదా? లైమన్‌కీ తెలుసు. కళ్లు మూతలు పడుతున్నా చెవులు పనిచేస్తున్నాయి వాడికి.

"డెస్... ఆపు. నూనె పోయింది. ఇంజను పోతుంది, ఆపవే."

"నోరుముయ్యి లైమన్."

"రాడ్ కొట్టుకుంటోంది, వినబడట్లా? పగిలి బయటికొచ్చేస్తుంది..."

"రానీ. నువ్వు పోకుండా ఉంటే చాలు. ఊపిరి పీల్చు. మాట్లాడకు, ఊపిరి పీల్చు!"

తొమ్మిది మైళ్లు. మొదట్లో టకటకమంది, తలుపు తడుతున్నట్టు. తర్వాత సుత్తి దెబ్బలు. తర్వాత ఆ దెబ్బలు నా అరికాళ్లలోకి వచ్చాయి, నేను ఆ చప్పుడుకు దండం పెట్టుకుంటూ నడిపాను, కొట్టుకో తల్లీ, కొట్టుకుంటూనే ఉండు, ఆగకు అని, దేవుడి పేరు ఎత్తాల్సిన చోట ఇంజనును పిలిచాను. ఆసుపత్రి బోర్డు కనబడిన తర్వాత, అవును, బోర్డులో అక్షరాలు చదవగలిగాక పేలింది. ముందు చక్రాల మధ్య తుపాకీ మోగినట్టు మోగి, బానెట్టు ఒకసారి ఎగిరి పడి, తెల్లటి పొగ. నేను న్యూట్రల్లో వేశాను. అక్కడ రోడ్డు కాస్త పల్లం. చప్పుడు లేకుండా, చక్రాల సవ్వడి ఒక్కటే, పొగలోంచి తేలుకుంటూ వెళ్లి అత్యవసర విభాగం గుమ్మం ముందు ఆగింది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చేయగలిగింది ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. నేను ఆ రాత్రంతా ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ముల్లు గురించే ఆలోచించాను. సున్నా మీద పడుకుని కూడా తొమ్మిది మైళ్లు. ఏం తాగి నడిచింది? దేని మీద నడిచింది?

పదహారు. నీటి వేడి నూట ఎనభై ఫారెన్‌హీటు, బాగుంది. అరవై, బాగుంది. కాలి పిక్క పట్టేస్తోంది, మడమ కొంచెం కదిపితే ముల్లు రెండు వేల రెండొందలకు పోయి మళ్లీ వెనక్కి. అలా కాస్త అటూ ఇటూ ఆడించమనే చెప్పాడు ఎమ్మెట్. ఇంత చప్పుడులో ఎనిమిది సిలిండర్లనూ విడివిడిగా వినాలని చూస్తున్నాను, వినబడవు, అన్నీ కలిసి ఒకటే గొంతు. ముప్పై మూడేళ్లు ఇంజన్ల ప్లాంటులో పని చేశాను గాని ఇంజను మాట్లాడగా వినలేదంటే ఎవరూ నమ్మరు. నా ముందు నుంచి పోయినవన్నీ మూగవే. గొలుసుకు వేలాడుతూ తలకిందులుగా వచ్చేవి, నేను పిస్టన్లను పట్టుకునే కనెక్టింగ్ రాడ్లకు రెండింటికి అడుగు మూతలు పెట్టి, నాలుగు నట్లు బిగించి, వదిలేసేదాన్ని. అవి అవతలి గదిలోకి పోయేవి, అక్కడి నుంచి ఇంకో భవనంలోకి. వాటికి ఊపిరి పోసేది అక్కడట, నేను చూడలేదు. మంత్రసానికి బిడ్డ ఏడుపు వినిపించకుండా చేసినట్టు. చేరిన మొదటి వారం నాకు పని నేర్పింది బ్లాంచ్ మేహ్యూ. అర్కాన్సా నుంచి వచ్చిన మనిషి, మొగాడి చొక్కా వేసుకుని పొగాకు నములుతూ ఉండేది. నేను గంటకు ఇన్నని లెక్కన నట్లు బిగించుకుంటూ పోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "పిల్లా, ఇదెవరి కార్లోకి పోతుందో నీకు తెలుసా? తెలీదు కదా. ఎవత్తో ఒకత్తి దాన్లో కూర్చుంటుంది, ఎక్కడికో తొందరగా పోవాల్సి ఉంటుంది దానికి. అది నీ ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు బిగించు." నేను నవ్వాను. ఇరవై రెండేళ్లు నాకప్పుడు, దేనికైనా నవ్వేదాన్ని.

లైమన్ పేజీ తిప్పాడు. తిప్పినట్టు చేశాడు.

నిరుడు శరదృతువులో మా ప్లాంటు పడగొట్టారు. పాతవాళ్లం కొందరం కంచె దగ్గర నిలబడి చూశాం, చేతుల్లో కాఫీ కప్పులతో, చావు ఇంటికి వచ్చినట్టు. క్రేను పన్ను మా విభాగం గోడలో దిగింది, గోడ కూలాక లోపల పసుపు పెయింటు వేసిన స్తంభం ఒకటి ఎండలోకి వచ్చింది, నేను ముప్పై మూడేళ్లు వీపు ఆనించి నిలబడిన స్తంభం. దానికి ఎండ తగలడం అదే మొదలు. ఎవరూ ఏడవలేదు. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా గ్యారేజీలోకి వెళ్లి దీని మీది టార్పాలిను లాగేశాను. ఎలుకలు సీట్లో పిల్లలు పెట్టి ఉన్నాయి. బానెట్టు ఎత్తి, టార్చి వేసి, ఇంజను పక్క గోడలో ఆ రోజు రాడ్ పొడుచుకొచ్చిన బెజ్జంలోకి చూశాను, పిడికిలి పట్టేంత బెజ్జం, అంచులు పువ్వులా బయటికి విచ్చుకుని. నా వెనక లైమన్ వచ్చి నిలబడ్డాడు.

"కప్పెయ్యి డెస్."

"దీన్ని బాగు చేస్తాను."

"దేనికి? చచ్చిపోయిందది. పాతిపెట్టలేదన్న మాటే గాని చచ్చిపోయింది."

"చచ్చిపోయిందని బార్బరు షాపులో అందరికీ ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నావు, మా ఆవిడ నా కారు పేల్చేసిందోచ్ అని. ఇంక ఆ మాట పడలేను."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గుమ్మం దాటి లోపలికి అడుగు కూడా పెట్టలేదు, అప్పుడు గమనించాను, ఈ ఇరవై ఏళ్లలో మంచు ఎత్తే పార కావాలన్నా నన్నే తెమ్మనేవాడు. "చెబితే నవ్వుతావు," అన్నాడు. "ఆ రోజు పైవాడు ఒక గుండె అడిగాడు. నాది ఇవ్వబోతుంటే ఇది తనది ఇచ్చేసింది. లెక్క సరిపోయింది. ఇప్పుడు నువ్వు దీన్ని లేపావనుకో, ఆయన మళ్లీ నా తలుపు కొడతాడు, ఏదిరా నాకివ్వాల్సింది అని."

"చర్చి పెద్దవి, డీకన్‌వి. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటావు. సిగ్గు లేదూ ఆ మాట అనడానికి?"

"ముందు వరసలో కూర్చుంటాను కాబట్టే తెలుసు," అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

చలికాలమంతా రాలేదు. నేను వేళ్లకు గ్రీజుతో అన్నానికి కూర్చుంటే తల వంచుకుని మొక్కజొన్న రొట్టె మీద వెన్న రాసుకునేవాడు. ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవాడు కాదు. నేను నమ్మలేదు వాడి మాట. నమ్మలేదనే చెబుతాను ఎవరడిగినా. మరైతే ఇవాళ పొద్దున ఈ వెనక అద్దాన్ని అంగుళం అంగుళం జరిపి కిటికీలో వాడు కనబడేలా ఎందుకు పెట్టుకున్నట్టు? తాళం తిప్పే ముందు ముల్లు వైపు కాకుండా వెనక అద్దంలోకి ఎందుకు చూసినట్టు? అందుకోగానే, ఇంత హోరులో, బతికింది అని కాక, వాడు కూర్చునే ఉన్నాడు అని ఎందుకు అనుకున్నట్టు?

పధ్నాలుగు.

ఎమ్మెట్ క్రోల్ బెజ్జం చూడగానే పాత సామానుకు వేసెయ్యమన్నాడు. ఆయన షాపు రైలు కట్ట అవతల, డెబ్భై తొమ్మిదేళ్ల ముసలాయన, పోలండు వాళ్ల చర్చికి పోయే మనిషి, చెవిలో మిషను. ఇలాంటి ఇంజను దిమ్మె ఇంకోటి దొరుకుతుంది, దాని సిలిండర్లకు బోరు కొట్టిస్తా, పది రోజుల్లో తీసుకెళ్లండి అన్నాడు. నాకు ఇదే కావాలన్నాను. ఎందుకన్నాడు. తొమ్మిది మైళ్ల సంగతి చెప్పాను. చెవి మిషను సర్దుకుని మళ్లీ చెప్పించుకున్నాడు. "రెండు మైళ్లయితే నమ్ముతాను," అన్నాడు. తర్వాత వంగి, వంగిపోయిన ఆయిల్ చాంబరును చాలాసేపు చూశాడు, ఒక మూల సొట్టలో కాసిని నూనె మిగిలి ఉంటుంది, మలుపు మలుపుకీ చిలికి రెండేసి చుక్కలు తాగి ఉంటుంది అని గొణిగాడు. గొణిగి, తల ఊపుతూనే ఉన్నాడు. వారం తర్వాత కబురు చేశాడు, కుడతానని. ఇనుమును కుట్టడం! వెల్డింగు చేస్తారనుకున్నాను నేను. "పోత ఇనుముకు వేడి చూపిస్తే అలుగుతుంది, పక్కనే ఇంకో చోట పగుల్తుంది. చల్లగా బతిమాలాలి." బెజ్జానికి సరిపడా ఇనుప అతుకు కోసి పెట్టి, అంచు వెంట ఒక రంధ్రం వేసి, అందులో మర మేకు బిగించి, తల నరికి, దాని పక్కనే సగం దాన్ని కొరుకుతూ ఇంకో రంధ్రం, ఇంకో మేకు. ఒక దాన్ని ఒకటి పట్టుకుని. రోజుకు పదో పన్నెండో. నేను మధ్యాహ్నాలు వెళ్లి స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని, మా అమ్మ అతుకుల బొంత కుట్టేటప్పుడు పక్కన కూర్చున్నట్టే. నూట నలభై మేకులు. ఆఖరున సుత్తితో మెల్లగా తట్టి, సానపట్టి, నా చెయ్యి తీసుకుని దాని మీద పెట్టాడు. నాకు అంచు దొరకలేదు. కళ్లు మూసుకుని కూడా వెతికాను. ఏది పాత ఇనుమో, ఏది కొత్తదో నా వేళ్లు చెప్పలేకపోయాయి. ముసలాయన కాఫీ తాగుతారా అని అడిగాడు.

ఆ రోజే చూపించాడు పోత తేదీ. ఇరవై ఏళ్ల మడ్డి వేడి తొట్టిలో కరిగిపోయాక, దిమ్మె వెనక భాగాన ఉబ్బెత్తుగా ఒక అక్షరం, మూడు అంకెలు. అక్షరం నెలకు, అంకెలు రోజుకూ ఏడాదికీ: ఏప్రిల్, తొమ్మిది, డెబ్భై. నేను ప్లాంటులో చేరింది మార్చి పదహారున. పోత పోసిన దిమ్మె మా వరసకు రావడానికి వారం పది రోజులు పడుతుంది, అంటే నాకు అయిదో వారం. రెండో షిఫ్టు. పొద్దుటి షిఫ్టులో నా స్థానంలో వేరే అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయో, నేనో. రెండింట్లో ఒకటి. నేను బిగించానేమో ఆ నట్లు, బ్లాంచ్ నా మణికట్టు పట్టుకున్న ఆ వారాల్లో. ఎదురుగా నిలబడి చూస్తోందనుకోమన్న ఆ ఆడమనిషి, ఎక్కడికో తొందరగా పోవాల్సిన ఆ మనిషి, ఎవరో కాదు. ఎమ్మెట్, ఒంట్లో బాగాలేదా మిసెస్ ప్రూయిట్ అంటున్నాడు. నేను ఆ అంకెల మీద వేలు పెట్టి అలాగే ఉన్నాను. ఎవరికి చెబితే నమ్ముతారు? లైమన్‌కు కూడా చెప్పలేదు ఇంతవరకు. నోట్లోకి వస్తే చిన్నదైపోతుందని భయం.

పన్నెండు. వేడి నూట తొంభై అయిదు. ఫిబ్రవరిలో ఇక్కడే హీటరు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చాను. నడుమ తిరిగే ఇరుసు, క్రాంకును పడుకోబెట్టాక ప్రతి బేరింగు మీదా మైనపు దారం ముక్క పెట్టి, మూత బిగించి, మళ్లీ విప్పి, ఆ దారం ఎంత వెడల్పున నలిగిందో చూడాలి, అదే లోపలి సందు. వెంట్రుక కన్నా తక్కువ. ఆ సందులో నూనె నిలబడుతుంది, ఆ నూనె మీద ఇంతటి ఇనుము తేలుతుంది. ముప్పై మూడేళ్లు బిగించిన దాన్ని, నాకు తెలియని సంగతి అది. ఇనుము ఇనుమును తాకనే తాకదు. ఇప్పుడు, ఈ నిమిషాన, బానెట్టు వెనక నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతూ, పేలుతూ, కొట్టుకుంటూ ఉన్నది దేన్నీ తాకడం లేదు, వెంట్రుకంత నూనె మీద నిలబడి ఉంది. నీళ్ల మీద నడిచాడన్న కథ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, తల ఊపుతూనే ఉన్నాను. ఇప్పుడు మాత్రం మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఓరి నాయనో. ఓరి నాయనో, ఎంత సన్నటి దాని మీద నిలబడి ఉంటాం.

అద్దంలోకి చూశాను. కుర్చీ ఖాళీ.

పేపరు బల్ల మీద ఉంది. కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉంది. కాఫీకి లేచి ఉంటాడు. బాత్రూముకు. ఏదీ, స్టవ్వు దగ్గర లేడే. కిటికీ కింద నేల కనబడదు నాకు. నేల మీద ఉంటే కనబడదు. లైమన్! నా అరుపు నాకే వినబడలేదు. పదకొండు. వాడు చెప్పాడు, చెబితే నవ్వుతావన్నాడు. వేడి రెండు వందల పది, అదెందుకు ఎక్కుతోంది? లైమన్! ఆపితే క్యామ్ పోతుంది, పోతే పోనీ, ఎమ్మెట్ నూట నలభై మేకులు, చలికాలమంతా నా వేళ్లు, పోతే పోనీ, కారా నువ్వా అంటే ఇంకోసారి కూడా నీకే ఓటు వేస్తాను వెధవా, ఎన్నిసార్లయినా. రెండు వందల ఇరవై. తాళం మీద చెయ్యి వేశాను.

గ్యారేజీ పక్క తలుపు తెరుచుకుంది.

లైమన్, ఇంటి చెప్పులతో, మంచులో తడిసిన చెప్పులతో. నా వైపు చూడనే లేదు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు, కాలు గాల్లో ఉండగానే ఆగాడు, తర్వాత ఆ కాలు లోపల పెట్టాడు.

"నీళ్లు కారుతున్నాయే! పై గొట్టం! నీకు వాసన రావట్లా?"

"నువ్వు... నువ్వు ఎక్కడ..."

"కాలు తీయకు! స్క్రూడ్రైవరు ఏదీ? పొడుగుది!"

"గోడకి! నీ కుడి పక్క! లైమన్, ఫ్యాను! చెయ్యి జాగ్రత్త!"

"నాకు చెబుతావా! నువ్వు పుట్టకముందు నుంచి..." మిగతాది హోరులో పోయింది. నాకన్నా మూడేళ్లు పెద్ద, అంతే. ఎత్తిన బానెట్టు అంచుకూ కారు ఒంటికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది, అందులోంచి వాడి చేతులు మాత్రమే కనబడుతున్నాయి నాకు. ఆవిరిలో రెండు చేతులు. ఒకటి గుడ్డతో గొట్టాన్ని పట్టుకుంది, ఇంకోటి తిరిగే ఫ్యానుకు జానెడు దూరంలో స్క్రూడ్రైవరును మెల్లగా, తొందర లేకుండా, పావు చుట్టు, పావు చుట్టు తిప్పుతోంది. ఆ చేతుల వెనక మనిషి ఉన్నాడు, ఆ మనిషిలో గుండె ఉంది, ఆ రోజు ఆసుపత్రిలో కోసి మళ్లీ కుట్టిన గుండె. ఆవిరి పలచబడింది. చేతులు మాయమయ్యాయి. తోట గొట్టం లాక్కొచ్చాడు, రేడియేటరు మీద నీళ్లు కొడుతున్నాడు, జల్లు అద్దం మీద పడుతోంది. రెండు వందల ఇరవై. పదిహేను. రెండు వందల పది. కారు కిటికీ దగ్గరికి వచ్చి ఇంకా ఎంతసేపు అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఎనిమిది వేళ్లు చూపించాను. అలాగే తలుపు పట్టుకుని నిలబడ్డాడు ఆ ఎనిమిది నిమిషాలూ. నేను ముల్లును చూడలేదు ఇంక. వాడి మెడలో నరం కొట్టుకోవడం చూస్తూ కూర్చున్నాను. అరవైలోనే ఉండి ఉంటుంది ముల్లు.

గడియారం మోగిందని వాడు చెబితే తెలిసింది. కాలు తీశాను. హోరు దిగి, దిగి, ఒక పెద్ద జంతువు పడుకుని ఊపిరి తీస్తున్నట్టు, కాస్త తడబడుతూ, కాస్త ఊగుతూ, దడ దడ దడ. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. నేను ఆపేశాను. చెవుల్లో నిశ్శబ్దం గంటలా మోగింది. పిక్క పట్టేసిన కాలు నేల మీద పెట్టి, వాడి భుజం పట్టుకున్నాను.

"ఎక్కడ చచ్చావు? కుర్చీలో లేకపోయేసరికి నా ప్రాణం పోయింది."

"తలుపు వెనకే ఉన్నాను. మంచులో." చెప్పుల వైపు చూసుకున్నాడు. "మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటూ నిలబడ్డా. పైవాడు పట్టుకు పోతాడేమో, పోయేదేదో ఇంట్లో బల్ల మీద తల వాల్చి కాదు, దీని దగ్గర పోదామని. ఒక నిమిషం అయింది. రెండో నిమిషం అయింది. తర్వాత ఏమైందో తెలుసా డెస్, లెక్క మరిచిపోయాను. దాని గొంతు వింటూ ఉండిపోయాను. నాడి సంగతే గుర్తు లేదు. తీరా నీళ్ల వాసన వచ్చేసరికి..." ఆగాడు. కళ్లు తుడుచుకోలేదు, వాటంతటవే ఆరనిచ్చాడు. "నువ్వే చేశావా ఇదంతా? ఒక్కదానివే?"

అప్పుడు చెప్పాను, అంకెల సంగతి. ఏప్రిల్ తొమ్మిది. నేనో, ఆ పొద్దుటి అమ్మాయో. చిన్నదైపోలేదు. వాడు కారుకు ఆనుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చున్నాడు. "పొద్దుటి అమ్మాయి కాదు," అన్నాడు. అంతే, సాక్ష్యం చెప్పినట్టు.

ఇంకా ఒకటి మిగిలే ఉంది. కొత్త ఇంజను తాగిన మొదటి నూనెను వేడి మీదుండగానే దించి చూడాలి. లోపల ఏది దేన్ని కొరికినా అందులో వెండి పొడిలా మెరుస్తుంది. మెరిస్తే మళ్లీ మొదటికి. థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని కాల్చే పెద్ద పళ్లెం కింద పెట్టాను, నేను వద్దన్నా వినకుండా లైమన్ ముసలి ఒంటితో కిందికి దూరి మర విప్పాడు. నూనె తేనెలా, తాడులా జారింది, పొగలు కక్కుతూ. పళ్లాన్ని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని వాకిట్లోకి, ఎండలోకి మోసుకొచ్చాం. మంచు దిబ్బ పక్కన గొంతుక్కూర్చున్నాం, రెండు నెరిసిన తలలు ఒక పళ్లెం మీద. లైమన్ అయస్కాంతాన్ని అందులో ముంచి ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు మెల్లగా లాగాడు. తీసి గుడ్డకు తుడిచి గుడ్డను ఎండకు పట్టాడు. తర్వాత వేలు ముంచి, బొటనవేలితో రాసి, వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. నేను వాడి మొహం చూడకుండా ఆ వేలినే చూస్తున్నాను.

"ఏమీ లేదు," అన్నాడు.

ఇంకో వేలు ముంచాడు. ఇంకా ఎత్తుకు, సూర్యుడికి ఎదురుగా పట్టాడు. వేళ్ల సందుల్లోంచి నూనె ఎర్రగా, తేటగా వెలిగి, మణికట్టు మీదుగా మోచేతి దాకా కారిపోతున్నా దించలేదు.

"ఏమీ లేదే డెస్. చూడు. ఏమీ లేదు."